నాగులేటి రేవు

గ్రీష్మ మధ్యాహ్నమున ప్రచండ మార్తాండ కిరణములచే శిలలు పగులునట్లు కాగి ఇసుకతిన్నెలు వేపుడు మంగలములవలె సెగలు గ్రక్కుచుండ, మోకాలిబంటి నీటితో జాలువారుచున్న నాగులేటికి ఇరుదరులయందును రెండు సేనలు ఒండొంటిని చూపులతో కొలుచుకొనుచు నిలిచియుండెను.

అవి అన్యదేశీయుల సేనలు కావు. నిన్న మొన్నటిదాక ఒక్క వరాహధ్వజము క్రింద పోరిన పైడికొండ రాజ్యపు బిడ్డలే వారెల్లరును. వృద్ధరాజు పరమపదించిన పిమ్మట సింహాసనము నాదని జ్యేష్ఠుడు త్రిభువనదేవుడును సగము నాదని కనిష్ఠుడు సోమిదేవుడును పట్టుపట్టగా రాజ్యము ఏటి పొడవున రెండుగా చీలెను. తూర్పుదరి కోటను త్రిభువనదేవుని పక్షమున గుండమనాయకుడు ఏలుచుండెను. పడమటిదరిని విడిసిన సోమిదేవుని సేనకు నాయకుడు కాటమనాయకుడు. గుండమనికి పిల్లనిచ్చిన మామ.

కోటకు ఎగువను కొండలనడుమ పూర్వరాజులు కట్టించిన మహాతటాకమొకటి కలదు. శత్రువులు రేవున దిగినతోడనే దాని కట్ట తెగగొట్టి వారిని ముంచవలసినదని రాజాజ్ఞ వచ్చెను. బురుజుపై గుండమనాయకుడు ఎత్తిన చేయి దింపుటయే గుర్తు; అంతట భేరి మ్రోగును; కట్టపై గడ్డపారలతో కాచుకొనియున్న భటులు పని మొదలిడుదురు.

ఆ మాట విని అతని భార్య మైలాంబ ఎదుట నిలిచెను. "నాథా! ఆ నీరు సేనను ముంచి అచ్చటనే ఆగునా? దిగువను ఏటియొడ్డున నున్న పల్లెలవారు మన ప్రజ కారా? మీ మేనత్త పాలపాటిలోనే కదా ఉన్నది!"

గుండమనాయకుడు కవచపు ముడి బిగించుకొనుచు ముఖము త్రిప్పుకొనెను. "ఎరుగుదును. వారికి చెప్పి పంపినచో శత్రువు పసిగట్టును. నేను ప్రభువు ఉప్పు తిన్నవాడను."

"ఉప్పు తిన్నవారు మీరు. నీళ్లు త్రాగవలసినది వారా?"

అతడు బురుజెక్కెను. ఆమె దిడ్డివాకిట వెడలి చెప్పులు లేని కాళ్లతో ఏటిగట్టు వెంబడి పరుగిడి ఇల్లిల్లు తట్టి చెప్పెను. నమ్మినవారు నమ్మిరి, నమ్మనివారిని చేయిపట్టి ఈడ్చెను. అన్నము వార్చుచున్న ఒక ఇల్లాలు ఆ కుండనట్లే చుట్టకుదురుపై నెత్తికెత్తుకొని చంటిబిడ్డతో కొండదారి పట్టెను. ముసలివారిని మంచములతో మోసికొనిపోయిరి.

ఇంతలో రేవునందు పడమటి సేన మొదటి వరుస నీట దిగెను. గుండమనాయకుడు చేయి ఎత్తెను. భేరీవాదకుడు కర్రలు పైకెత్తి ఊపిరి బిగబట్టి ఆ చేతినే చూచుచుండెను. అప్పుడు దిగువను కొండవాలున చీమలబారువలె ప్రాకుచున్న జనము నాయకుని కంట బడెను. ఆ బారు తోక ఇంకను ఏటియొడ్డుననే ఉండెను. ఎత్తిన చేయి ఎత్తినట్లే నిలిచెను.

నీటి నడుమనుండి కాటమనాయకుడును ఆ జనమును చూచెను. మండుటెండలో పల్లెలకు పల్లెలే కొండలెక్కుటకు హేతువేమని యోచించి, ఎగువ కట్టవైపు కన్నెత్తి, ఒక్క గావుకేకతో సేనను వెనుకకు మరలించెను.

రాజు పంపిన దండనాథుడు కోటలో నిప్పులు గ్రక్కెను. "ఈ ద్రోహమెవ్వరిది?"

దుమ్ము కొట్టుకొని కాళ్లు బొబ్బలెక్కి అప్పుడే మరలివచ్చిన మైలాంబ "నే..." అని నోరు తెరచునంతలో గుండమనాయకుడు అడ్డుపడెను. "నా ఆనతిచేతనే ఈమె పోయినది. చేయి ఎత్తినవాడను నేను, దింపనివాడను నేను."

మరునాటి ఉదయమున కోటవాకిట శిరశ్ఛేదమని తీర్పాయెను. సంకెళ్లతో నిలిచి అతడు భార్యతో ఇంతమాత్రమే చెప్పెను. "ఆ బారులో మేనత్తను వెదకితిని మైలా! కానరాలేదు. అందుచే చేయి దిగలేదు."

"ఆమెను నేనే కొండకు చేర్చితిని" అని మైలాంబ పలికెను. అతడు తలయూచి కన్నులు మూసికొనెను.

మరునాడు అతని తల తెగిన వార్త విని కట్టపై భటులు గడ్డపారలు చెరువులో విసరి ఇండ్లకు పోయిరి. కాటమనాయకుడు ఆయుధము విడిచి తలపాగ తీసి ఒంటరిగా ఏరు దాటి వచ్చెను. కోటకావలివారు అడ్డగింపక తలుపు తెరచిరి. అల్లుని పాడె ముందుకొమ్ము మామ ఎత్తెను. తక్కిన కొమ్ములు తూర్పుదరి భటులు ఎత్తిరి. అన్నదమ్ముల కలహము అంతటితో తీరలేదు; రాజధానులయందు ఇంకను కత్తులు నూరుచునే యుండిరి. రాజులు పంచుకొనునది నేల; ప్రజలు పంచుకొనునది శవములు.

పాడె వెంట ఇసుకతిన్నెపై నడచుచు మైలాంబ తండ్రినడిగెను. "నాయనా! రేపు మరల సేనతో ఈ ఏరు దాటెదవా?"

కాటమనాయకుడు పెదవి కదపెను గాని, భుజముపై ఆ బరువుండగా మాటకు ఊపిరి చాలలేదు.