చెవి మీద చెయ్యి

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఆవిడకి గిటారు కూతురి నుంచి సంక్రమించింది. ఆ పిల్ల మూడు వారాలు నేర్చుకుని, వేళ్ళు నొప్పిపుడుతున్నాయని బీరువా వెనక పడేసింది. మిగిలిన కూర పారబొయ్యలేక తనే తినేసే అలవాటు కొద్దీ ఆవిడ ఆ గిటారునీ చేతిలోకి తీసుకుంది. మొదట్లో అంతకు మించి సంగీతాభిమానం ఏమీ లేదు. అయిదేళ్ళు తిరిగేసరికి వెనక వీధిలోని చిన్న బారులో గురువారం సాయంత్రం ఆరింటి నుంచి ఏడున్నర దాకా పాడుతోంది.

"మా అమ్మ మొదలుపెడితే జనం గబగబా తినేసి లేస్తారు," అని కూతురు స్నేహితురాళ్ళకి చెప్పేది. "టేబుళ్ళు ఖాళీ అవుతాయనే ఆ ఓనరు పిలుస్తాడు."

అందులో కొంత నిజం ఉందని ఆవిడకీ తెలుసు. ఆడలేక మద్దెల ఓడు అందామంటే తను కొన్న స్పీకరుకి ఇంకా కంపెనీ గ్యారంటీ ఉంది. అక్కడ ఆవిడ కోసం కుర్చీ ఇటు తిప్పుకున్నవాళ్ళు లేరు. కిటికీ దగ్గర కూర్చుని పోట్లాడుకునే ఒక జంటకి మాత్రం ఆవిడ అవసరం ఉండేది. పాట ఆగితే తమ మాటలు బయటికి వినపడతాయని, ఆవిడ మంచినీళ్ళు తాగడానికి ఆగినా వాళ్ళు నొచ్చుకునేవారు. ముందు టేబుల్ దగ్గర రిటైరైన పోస్ట్‌మాస్టరు పేపరు చదువుకునేవాడు. ఆయనకి సరిగా వినపడదు. చెవిటివాడి ముందు శంఖం అన్న సామెతని ప్రతి గురువారం తను స్వయంగా ప్రదర్శించి చూపిస్తున్నట్టు ఆవిడకి అనిపించేది.

స్పీకరు జనం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి తన గొంతు వెనకదాకా వెళ్తోందో లేదో పాడే మనిషికి తెలియదు. అందుకని ఆవిడ భర్త చివరి టేబుల్ దగ్గర కూర్చుని సైగలు చేసేవాడు. చెవి మీద చెయ్యి పెడితే సౌండు పెంచాలి. గడ్డం పట్టుకుంటే తగ్గించాలి. నుదురు తుడుచుకుంటే ఆపెయ్యాలి. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయన చెప్పినట్టు ఆవిడ విన్నది వారానికి ఆ గంటన్నరే.

కిందటి గురువారం ఓనరు ఆవిడని కౌంటరు దగ్గరికి పిలిచాడు.

"మేడం, ఏమనుకోకండి. మీరు పాడుతున్నారో లేదో వెనకవాళ్ళకి తెలియట్లేదు. వెయ్యి పాటలుండే పెట్టె ఒకటి ఇస్తామని కంపెనీవాళ్ళు అంటున్నారు. ఇంకొక్క వారం చూస్తాను."

వారం రోజులూ అద్దాల అంచులు అరగదీస్తూ ఆవిడ లోలోపల పాడుకుంది. మిగతా ఆరు సాయంత్రాలూ రేపేం వండాలన్న ప్రశ్న ఆవిడ వెంటే తిరుగుతుంది. గురువారం నాడు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తుంది. ఆ గంటన్నర ఒక పెట్టెకి అప్పగించడం ఆవిడ వల్ల కాలేదు.

గడువు గురువారం రానే వచ్చింది. మూడో పాట తను సొంతంగా కట్టుకున్నది. స్టేషన్లో సంచితో నిలబడి, రైలెక్కనా, ఇంటికి పోనా అని ఆలోచించే ఒకావిడ కథ. మొదటి చరణంలోనే చివరి టేబుల్ దగ్గర భర్త మోచెయ్యి టేబుల్ మీద ఆనించి అరచెయ్యి చెవికి పెట్టాడు. ఆవిడ సౌండు పెంచింది. చెయ్యి దిగలేదు. ఇంకొంచెం పెంచింది. అరలో గ్లాసులు సన్నగా వణికాయి. కౌంటరు వెనక నుంచి ఓనరు అరచెయ్యి కిందికీ కిందికీ ఊపాడు. పనివాళ్ళని నెమ్మదిగా నడవమనడానికి రోజూ అలాగే ఊపుతాడు కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. పోట్లాడుకునే జంట పోట్లాట మానేసి, ఇద్దరూ ఒకే వైపు, తన వైపు చూశారు. ఆవిడకి గుండె నిండిపోయింది.

ఆయన చెయ్యి మాత్రం చెవి మీదే ఉంది. 'ఈ మనిషికి ఎంతేసినా చాలదు, కూరలో ఉప్పూ అంతే,' అనుకుని ఆవిడ బటన్ చివరిదాకా తిప్పేసింది.

స్పీకరు కీచుమంది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. గ్లాసు దొర్లింది. కంగారుగా నుదురు తుడుచుకున్నాడు. ఆవిడ బుద్ధిగా పాట మధ్యలోనే ఆపేసింది.

ఆ నిశ్శబ్దంలో ఆయన చెంప మీద ఎర్రగా అయిదు వేళ్ళ ముద్ర కనపడింది. బేకరీలో పని కోసం తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి. హాయిగా నిద్రపోయాడు.

ఆవిడ గిటారు సంచీ కోసం వంగింది. వెయ్యి పాటల పెట్టె అప్పుడే వచ్చి తన కుర్చీలో కూర్చున్నట్టుంది.

"ఏమ్మా, ఆపేశావేం?" అన్నాడు పోస్ట్‌మాస్టరు పేపరు మడిచి. "నువ్వు పాడతావని ఇవాళే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ తీగెలు తెగకుండా ఏదో మొక్కుకుంటున్నావనుకున్నా. ఇంతకీ ఆవిడ రైలెక్కిందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కిటికీ దగ్గరి భర్త గొంతు సవరించుకున్నాడు. "అవునండీ, ఎక్కిందా?"

"ఎక్కే ఉంటుంది," అంది అతని భార్య. "నేనైతే ఎక్కేదాన్ని."

ఆవిడ సౌండు సగానికి తగ్గించి, మిగతా పాట పాడింది. ఒక్కసారి చివరి టేబుల్ వైపు చూసింది. ఆయన మేష్టారి ముందు కూర్చున్న పిల్లాడిలా రెండు చేతులూ టేబుల్ మీద పెట్టుకుని ఉన్నాడు. ఏ సైగా లేదు. సైగ లేకుండా ఒక పాట పూర్తి చెయ్యడం ఆవిడకి అదే మొదటిసారి.

పాటలో ఆవిడ రైలెక్కలేదు. పోస్ట్‌మాస్టరు నిరాశగా తల అడ్డంగా ఊపాడు.

ఏడున్నరకి ఓనరు వచ్చాడు. "వచ్చే గురువారం రండి మేడం. వెనక టేబుళ్ళకేంటి, పక్క వీధికీ వినపడింది. సారుకి మాత్రం ముందు ఒక కాఫీ పట్టించండి."

ఇంటి దారిలో భర్త స్పీకరు రెండు చేతులా పట్టుకుని నడుస్తున్నాడు.

"నా పాట అంత జోలపాటలా ఉందా?" అంది ఆవిడ.

"అది కాదే, మూడింటికి లేస్తున్నా కదా. రెండో పాట దాకా విన్నాను."

"రెండోది ఏంటి?"

ఆయన స్పీకరుని ఇంకొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"పోనీ చివరిది విన్నారు కదా. ఎలా ఉంది?"

చేతులు రెండూ స్పీకరుకి ఉన్నాయి కాబట్టి ఆయనకి ఏ సైగకీ వీలు లేకపోయింది. నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"బాగుంది," అన్నాడు గొణుగుతున్నట్టు.

ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టుకుంది.