గుట్ట వెనకాల పొయ్యి

లెషోర్నై ముసలాయన చేతికర్రతో నేలమీద కొట్టేసరికి పెద్దలంతా మాటలు ఆపారు. తుమ్మచెట్టు నీడలో ఎవరి పీటమీద వాళ్లు కూర్చున్నారు. వాళ్ల మధ్య ఇసుకలో నైసిమారి సఫారీ మొత్తం పరిచిపెట్టింది. రాళ్లంటే మకాములు, ఒంటె పెంటికలంటే నీళ్లు దొరికే చోట్లు. వేలితో గీసిన పొడుగాటి వంకర గీత ఎవాసో నది.

ఏటా ఈ అడవికి వచ్చే అతిథుల్ని నైరోబీ కంపెనీ ఒకటి తన జీపుల్లో, తన డ్రైవర్లతో తిప్పి తీసుకుపోయేది. ఇక్కడివాళ్లకి మిగిలేది దుమ్ము. ఈసారి ఒంటెలతో కాలినడకన తిరుగుతామని అతిథులే అడిగారు. గైడు పరీక్ష నెగ్గిన పిల్ల మనింట్లోనే ఉండగా ఇంకొకరెందుకని నలుగురూ అనుకున్నారు. పెద్దలు సరేనంటే నైసిమారి నడిపిస్తుంది, కాదంటే మళ్లీ జీపులే. అది ఇవాళ తేలిపోవాలి.

"పొద్దున పూట ఈ మలుపులో ఏనుగులు దిగుతాయి. ఎండెక్కాక ఇక్కడ, ఈ పొదల్లో, పొడుగుమెడ జింకలు వెనక కాళ్లమీద లేచి నిలబడి మేస్తాయి. వాటిని జీపులోంచి ఎవరూ సరిగ్గా చూడలేదు. సన్నచారల జీబ్రాలు కావాలంటే నది వదిలి ఈ బీడులోకి రావాల్సిందే" అంది నైసిమారి.

చిన్నప్పుడు నాన్న మేకల్ని కాస్తూ ఆమె తిరిగిన నేల అది. తడుముకోకుండా చెబుతోంది. లెషోర్నై ఆమె భర్తకి పెదనాన్న, అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా ముందుకు వంగి చూస్తున్నాడు.

అప్పుడు పెద్దల్లోంచి లెమార్టి నోరు విప్పాడు. ఎక్కడ పుల్ల పెట్టాలో ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. "అంతా బానే ఉందమ్మాయ్. ఒంటెల్ని తోలే మన మొరాన్లు ఎక్కడ తింటారు?"

"ఎక్కడేంటి, ఇక్కడే, అందరితో పాటు పొయ్యి దగ్గ..." అని ఆమె నాలుక కరుచుకుంది.

చెట్టుకింద నవ్వులు పేలాయి. మొరాన్లంటే ఈటె పట్టిన పెళ్లికాని కుర్ర యోధులు. పెళ్లయిన ఆడదాని కంట పడిన తిండి మొరాన్ ముట్టడు, ఆకలికి కళ్లు తిరిగినా సరే. పెళ్లికాని పిల్లలకైతే ఆ పట్టింపు లేదు. పొదల్లో అన్నలూ తమ్ముళ్లూ మేక కాలిస్తే పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన పిల్లే నైసిమారి. ఈ ప్రయాణాన్ని ఆమె అప్పట్నించీ మనసులో కట్టుకుంటూ వస్తోంది. ఆ మనసులో ఇంకా పెళ్లి కాలేదు మరి!

"ఒరే లెంగోరిస్, నీ పెళ్లాం నిన్ను మర్చిపోయిందిరా!" అని లెమార్టి కేకేశాడు. చివర కూర్చున్న లెంగోరిస్ తల దించుకుని చెప్పుల వైపు చూసుకున్నాడు.

వెనక ఈటెలమీద ఆనుకుని నిలబడ్డ మొరాన్లలో అందరికన్నా గట్టిగా నవ్వింది నైసిమారి సొంత తమ్ముడు సైదిము. "పస్తులతో మేం పడిపోతే ఒంటెలే మమ్మల్ని మోస్తాయిలే అక్కా!"

నైసిమారికి చెవులు మండిపోయాయి. కోపం వాళ్లమీద కాదు, తనమీదే. ఇంత కష్టపడి కట్టింది ఒక్క ముక్కతో నవ్వులపాలయింది. కానీ లేచి వెళ్లిపోలేదు. మోకాళ్లమీద కూర్చుని ఇసుకలోని రాళ్లు మళ్లీ జరపడం మొదలుపెట్టింది. చూస్తూ చూస్తూ నవ్వులు సన్నగిల్లాయి.

"మొరాన్లు మాతో నడవరు. వెలుగు రాగానే సామాను ఒంటెల్ని తోలుకుని ముందు వెళ్లిపోతారు. ప్రతి మకాముకీ పడమరగా ఒక గుట్ట ఉంది చూడండి. దాని వెనకాల వాళ్ల పొయ్యి వేరు. ఉదయమైనా సాయంత్రమైనా తిండి అక్కడే. ముద్ద సంగతి దేవుడెరుగు, పొగ కూడా నా కంట పడదు."

"కాలిన మాంసం వాసనకి సింహం నీ అతిథుల దగ్గరికొస్తే?" అన్నాడు లెమార్టి.

"ఈ నెలల్లో గాలి తూర్పునించి కదా బాబాయ్. వాసన మా వైపు రాదు, అవతలి బీడులోకి పోతుంది." ఆమె గొంతులో బెరుకు పోయింది. "ఇంకోటి వినండి. ముందు నడిచేవాళ్లకి అడుగుజాడలు ముందు కనబడతాయి. సింహం జాడ తాజాగా ఉంటే దారిలో కొమ్మ అడ్డం పెడతారు. అది చూసి నేను జనాన్ని పక్కకి తిప్పి, దూరంగా గట్టుమీద కూర్చోబెట్టి చూపిస్తా. జీపులు జంతువుల వెంట పడేవి. మనకా అవసరం లేదు."

"మొరాన్లు ముందుంటే అతిథుల పక్కన ఎవరుంటారు?" అని అడిగాడు లెషోర్నై.

"నేనుంటాను పెదమావయ్యా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలాయన చేతికర్ర కొసతో ఆ రాళ్లని ఒక్కొక్కటే తాకి చూశాడు. "నాకు నచ్చింది. కానీ ఆకలి వాళ్లది, కాళ్లు వాళ్లవి. వాళ్లనే చెప్పమనండి" అని మొరాన్ల వైపు తిరిగాడు.

మొరాన్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఆడదాని మాటకి నడిచామని రేపు పక్క ఊరివాళ్లు మనమీద పాట కడతారురా" అని ఒకడు గొణిగాడు.

సైదిము ముందుకొచ్చాడు. ఇందాకటి నవ్వు మొహంలో లేదు. "కట్టనీ. పాటలో పేరు మాత్రం తప్పు లేకుండా పెట్టమను. నైసిమారి. మా అక్క. ఆవిడ ఏ గుట్ట చూపిస్తే ఆ గుట్ట వెనకాలే తింటాను."

మిగతావాళ్లు ఈటెలతో నేల పొడిచి ఊఁ అన్నారు. నైసిమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి, గర్వంగానే తిరిగాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.

"అయితే ఇంకేం, జీపులొద్దని కంపెనీవాళ్లకి చెప్పేయండి. ఫోన్ ఎవరి దగ్గరుంది?" అన్నాడు లెషోర్నై.

ఫోన్ లెంగోరిస్ దగ్గరుంది. సిగ్నలు కోసం అతను పుట్టమీదికి ఎక్కాడు. అవతలివాళ్లు మాట నమ్మినట్టు లేదు, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అతని గొంతు హెచ్చుతూ పోయి చెట్టుకిందున్న అందరికీ వినబడింది.

"గైడు ఉన్నారండీ! ఎవరా? మా ఆవిడండీ. ఆఁ, వినబడలేదా? మా ఆవిడే!"