ఎక్కనంటే ఎక్కను

ఫైర్ ఆఫీసరు అనూరాధ ఆ రోజు హైస్కూలు మైదానంలో మంటలార్పడం చూపించారు. లైసెన్సు లేకుండా బళ్లు నడిపే పదో తరగతి మగపిల్లల్ని నిలబెట్టి చీవాట్లు పెట్టారు. చివర్న వంటగ్యాసు సిలిండరు మీద చెయ్యి వేసి, "దీన్ని వ్యాన్లకి తగిలించి నడిపేవాళ్లున్నారు. కుదుపులకి పైపు వదులైతే గ్యాసంతా లోపలే నిండిపోతుంది. ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు" అన్నారు.

పిల్లల్లో కూచుని వింటున్న దీవెనకి తమ వ్యాను గుర్తొచ్చింది. తాము రోజూ ఎక్కే వ్యానులో, వెనక సీటు వెనకాల గోనెసంచి కప్పి పడుకోబెట్టింది ఆ ఎర్ర సిలిండరే. గతుకుల్లో ముక్కుకి తగిలే వాసన పెట్రోలుదేమో అనుకుంది ఇన్నాళ్లూ. పైగా ఆ వ్యాను నడిపేది పరాయివాడు కాదు, సొంత మేనమామ బెన్హర్.

సాయంత్రం వ్యాను గేటు ముందుకొచ్చి ఆగింది. పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకున్నారు. దీవెన మాత్రం కిందే నిలబడిపోయింది.

"ఎక్కవేటే?" అన్నాడు బెన్హర్.

"ఆ సిలిండరు తీసెయ్యి మావా. ఎక్కుతాను."

"ఏటీ, నా మీద నమ్మకం లేదా? ఇన్నేళ్లలో ఒక్కడికి గీత పడనిచ్చానా?"

"నిన్ను నమ్ముతాను. సిలిండరుని నమ్మను."

లోపల పిల్లలు కిసుక్కున నవ్వారు. బెన్హర్ మొహం కందగడ్డయింది. "అయితే నడిసి సావు" అని బండి లాగించేశాడు.

దీవెన నడిచింది. ఆమదాలవలస దాటి ఊరు చేరేసరికి చీకటి పడిపోయింది. అమ్మ ఎలీసమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"వ్యాను ఓనరు ఎలాగ సెప్తే అలాగ నడుపుతాడు గానీ, నా తమ్ముడికి సరదాయేటే? ఆడి పొట్ట కొడతావా?"

"మావ కూడా అందులోనే కూకుంటాడు కదమ్మా. మాతో పాటు కాలేది మావే."

ఎలీసమ్మ అన్నం కంచం ఠప్పున పెట్టింది.

మర్నాడు దీవెన పెందలాడే బయల్దేరింది. చెరకుతోట మలుపులో, రోజూ తనతో వ్యానెక్కే శాంతి, నరేష్ ఆమె కోసం కాచుకుని ఉన్నారు. ఆ వారం తిరిగేసరికి ఊరి పిల్లల్లో సగం మంది రోడ్డు మీదే. చిన్నపిల్లల తల్లులు వ్యాను ఆపి, గోనెసంచి ఎత్తి చూసి, పిల్లల్ని దింపేసుకున్నారు.

అప్పుడొచ్చాడు ఓనరు. బడి విడిచే వేళకి వ్యాను పక్కన నిలబడి, "ఏ పిల్ల ఇదంతా మొదలెట్టింది?" అని అరిచాడు.

"నేనేనండి" అంది దీవెన, ముందుకొచ్చి.

"నిన్ను బళ్లోంచే తీయించేస్తాను!"

"తీయించండి. నన్ను తీసినా, సిలిండరు తీసేదాకా ఎక్కేవోళ్లు లేరు."

ఓనరు బెన్హర్ వైపు తిరిగాడు. "నీ మేనకోడలే కదా. నాలుగు పీకి ఎక్కించు."

బెన్హర్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. దీవెన అడుగు వెనక్కి వెయ్యలేదు, తల దించలేదు. బెన్హర్ ఆమెనీ, వెనక గుంపుగా నిలబడ్డ పిల్లల్నీ కాసేపు చూశాడు. తర్వాత వ్యాను వెనక తలుపు తెరిచి, గోనెసంచి లాగి పారేసి, సిలిండరు మర తిప్పి గ్యాసు కట్టేశాడు. వ్యాను తాళంచెవి తెచ్చి ఓనరు చేతిలో పెట్టాడు.

"పెట్రోలు మీద నడిపిన రోజు కబురెట్టండి. అందాకా నేను రాను."

ఓనరు తిట్టుకుంటూ ఖాళీ వ్యాను ముందు నిలబడిపోయాడు. పిల్లలు రోడ్డెక్కారు. బెన్హర్ కూడా వాళ్లతోనే నడిచాడు.

"నా పని పోగొట్టేవు. సంబరంగా ఉన్నాదా?" అన్నాడు, దీవెన వైపు చూడకుండా.

"లేదు మావా. కానీ రేపూ ఎక్కను."

వెనకనుంచి ఇసుక లారీ హారన్ మోగింది. ఎడమ పక్కన కబుర్లాడుతూ పోతున్న పిల్లల మీద బెన్హర్ ఒక్కసారి కేకేశాడు:

"ఒరే, ఆగండి! లారీ పోయేక కుడి పక్కకి రండి. ఎదురొచ్చే బండి కళ్లకి అగుపడాల!"