పువ్వుకు పట్టిన గొడుగు

వాన కురుస్తూనే ఉంది, మా పెరటి తోట సామర్లకోట స్టేషన్లో ప్లాట్‌ఫారం పొడవునా పరుచుకుని ఉంది, అదేమీ నాకు వింతగా తోచడం లేదు, నందివర్ధనం చెట్టు కింద సిమెంటు బెంచీ మీద, కిందటి వేసవిలో కన్నుమూసిన మా అత్తగారు కూర్చుని, నేనే రైలు అందుకోలేక ఆలస్యంగా వచ్చినట్టు చిరాగ్గా చూస్తున్నారు. ఆవిడ చేతిలో నల్ల గొడుగు. నా మెడలో కెమెరా.

"ఇంతసేపా హైమా? రా, రా. వాన ఆగిపోద్ది."

ఊళ్లో ఓణీల ఫంక్షన్లకూ సీమంతాలకూ ఫొటోలు తీసే నాకు, ఆవిడ పెంచిన తోటను వాన పడుతుండగా ఒక్కటంటే ఒక్క ఫొటో తీయాలని ఎన్నాళ్ల కోరికో. ఎండలో తీశాను, మంచులో తీశాను, వానలో మాత్రం ఈ మహాతల్లి తీయనివ్వలేదు. గొడుగు కెమెరాకు పట్టండి అత్తయ్యా అంటే బుద్ధిగా తలూపేవారు, తీరా నేను కన్ను ఆనించేసరికి గొడుగు కాస్తా పువ్వు మీదికి వెళ్లిపోయేది, కెమెరా తడిసేది, నేను తడిసేదాన్ని, ఆవిడా తడిసేవారు, పువ్వు మాత్రం పెళ్లికూతురిలా పొడిగా కూర్చునేది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "తొలకరి పడనీ, ఈసారి తీద్దాం" అన్నారు. తొలకరి పడింది, ఆవిడ లేరు. అప్పటినుంచి వాన వస్తే చాలు, పెరటి తలుపు మూసి గడియ పెట్టేస్తున్నాను.

ఇప్పుడు ప్లాట్‌ఫారం ఆస్పత్రి వరండాగా మారుతోంది, సెలైన్ స్టాండుకు సన్నజాజి తీగ పాకి ఉంది, వాన పైకప్పులోంచి కూడా నిదానంగా పడుతోంది, మేమిద్దరం మొక్కల మధ్య నడుస్తున్నాం, బతికుండగా అడగలేని మాట నా నోటికి సులువుగా వచ్చేస్తోంది.

"వానకే కదా అత్తయ్యా అవి పెరిగేది. ఎందుకంత అడ్డం పడేవారు?"

ఆవిడ ఒక మందారం ముందు ఆగి, ఆకుల మీద చిందిన మట్టిని కొంగుతో తుడుస్తున్నారు. "నువ్వు తీత్తే అది అలాగే ఉండిపోద్ది కదే. వంగిపోయిన కొమ్మల్ని, మట్టి కొట్టుకున్న ఆకుల్ని నలుగురూ చూత్తే, పెంచినదానికి నాకు నామోషీ కాదూ? తల దువ్వని పిల్లని ఫొటోకి నిలబెడతారేంటి ఎవరైనా?"

నాకు కోపం వస్తోంది, నవ్వూ వస్తోంది. "దువ్విన పిల్లల్ని రోజూ తీస్తున్నాను అత్తయ్యా. నాకు తడిసిన పిల్లే కావాలి."

ఆవిడ చాలాసేపు నన్ను చూస్తున్నారు, ఆ చూపులో ఒక రైలు చప్పుడు చేయకుండా వచ్చి వెళ్లిపోతోంది, దాని కిటికీలన్నింటిలో పూలకుండీలే. తర్వాత గొడుగు నా చేతిలో పెడుతున్నారు.

"ఇందా. నేను పట్టను. పడితే నా చెయ్యి మళ్లీ అటే పోద్ది."

"మరెవరు పడతారు?"

"పొయ్యి దగ్గర ఫోను మెడకి నొక్కిపెట్టుకుని మీ అక్కతో గంటలు గంటలు మాట్లాడతావే, అలా పెట్టుకో."

"మెడ వంకరపోద్దని మీరే కదా తిట్టేవారు."

"పోతే పోద్ది. తియ్యి."

గొడుగు కర్రను దవడకూ భుజానికీ మధ్య బిగించి పడుతున్నాను, రెండు చేతులూ ఖాళీ అయ్యాయి, కన్ను ఆనిస్తే వాన ఎంత దగ్గరగా, ఎంత తెల్లగా ఉందో, లిల్లీలు నేలకు వాలి, మందారాలు బరువెక్కి, ఆకుల నిండా మట్టి చుక్కలతో తోట తోటంతా తలారా తడుస్తోంది. పిలవకుండానే అత్తగారు ఆ మొక్కల మధ్యకు నడిచి వెళ్తున్నారు. ముడి ఊడిపోయింది, నెరిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, సరిచేసుకోవడం లేదు, నవ్వుతున్నారు.

"ఫొటోలో నేను పడ్డానా?"

"పడ్డారు అత్తయ్యా. తోటంతా పడింది. వాన కూడా పడింది." నేను గొంతెత్తి చెబుతున్నాను, కెమెరా క్లిక్కుమన్న చప్పుడు వరండా అంతా మోగుతోంది, గెలిచాననిపిస్తోంది, ఇద్దరం గెలిచామనిపిస్తోంది, ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

కళ్లు తెరిస్తే ఆదివారం మధ్యాహ్నం, హాల్లో సోఫా, కిటికీ బయట నిజంగానే జోరుగా వాన. లేవబోతే మెడ పట్టేసింది. కుడి భుజం మీదికి వాలిపోయి ఎంత లాగినా నిటారుగా రావడం లేదు.

ఆరేసిన బట్టలు చంకలో పెట్టుకుని పెరట్లోంచి వచ్చి తలుపు గడియ పెడుతున్న మా ఆయన, నేను బీరువాలోంచి కెమెరా తీయడం చూసి నిలబడిపోయారు. బట్టలు సోఫా మీద పెట్టి, "గొడుగు నేను పట్టనా?" అని మెల్లిగా అడిగారు.

"అక్కర్లేదండీ," అన్నాను గడియ తీస్తూ. "మెడ ఎలాగూ వంగే ఉంది."