పైడమ్మ ఎప్పుడు లేస్తుంది

ఉదయం పదకొండు గంటలకి పైడమ్మ కంప్యూటరు తెర దిగి వచ్చి, సువర్చల కుర్చీ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పిక్కలు పిసుక్కుంటోంది. సాముకర్ర గోడకి ఆనించింది. నడుముకి బిగించిన ఎర్రచీర చెమటకి తడిసి ఉంది. తెర మీద ఆమె నిలబడే చోట ఖాళీగా ఉంది.

సువర్చలకి ఇది కొత్తేం కాదు. విశాఖపట్నంలోని ఈ మూడో అంతస్తు ఆఫీసులో పదకొండేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే, కొట్లాట ఆటలో ఇరవైమంది యోధుల బలాబలాలు సరితూచడం. సెకనుని అరవై ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఫ్రేము. ఎవరి దెబ్బ ఎన్ని ఫ్రేముల్లో తగలాలో పట్టికలో రాసేది ఆమే. ఎవరినైనా ఒక్క ఫ్రేము నెమ్మది చేస్తే చాలు, మర్నాడు దిగి వచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంటారు. బలం పెరిగినవాళ్లు మాత్రం మాటవరసకైనా ఇటు తొంగి చూడరు.

పైడమ్మ పెంచమని రాలేదు.

"నన్ను తగ్గించీ అమ్మా," అంటుంది. "నూటికి డెబ్బైమంది నన్నే ఎంచుకుంతన్నారు. లెగిసింది మొదలు కొడతానే ఉన్నాను. ఆ మూలనున్న గున్నయ్యని సూడు. ఆడిని ఎవులూ పిలవరు. గోడకి జారబడి ఆర్నెల్లుగా కునుకు తీస్తన్నాడు. నాకూ అలాటి బతుకు కావాల."

మార్చిందల్లా ముందు పరీక్షకి కొంతమంది ఆడి చూస్తారు. నాలుగు గంటలకి కొత్త మార్పులు ఊళ్లోని ఆటలన్నిటికీ వెళ్లిపోతాయి. ఆ తర్వాత పట్టికకి తాళం పడుతుంది. మళ్లీ తీసేది ఆరు నెలలకే.

"ఆర్నెల్లు నాను ఆగలేను," అంటుంది పైడమ్మ.

ఆగలేదని సువర్చలకీ తెలుస్తూనే ఉంది. మేనేజరు జగ్గారావు పొద్దున్నే ఆట వేగం ఇంకో రెండు మెట్లు పెంచాడు. ఆడేవాళ్లకి విసుగొస్తోందట. ఆ వేగం ఆఫీసుకీ అంటుకుంది. టీ కప్పులో పడేలోపే చల్లారిపోతోంది. ప్రశ్న కంటే జవాబు ముందొస్తోంది.

"అయిపోతుంది సార్," అంటుంది సువర్చల.

"సాయంత్రానికి అయిపోతుందా?" అని జగ్గారావు గుమ్మంలోకి వచ్చి అడుగుతాడు.

సువర్చల పైడమ్మ కింది దెబ్బని తొమ్మిది ఫ్రేముల నుంచి పన్నెండుకి నెమ్మది చేస్తుంది. చేసి నాలుక కరుచుకుంటుంది. దెబ్బ ఆలస్యమయ్యేసరికి ఎదుటివాళ్లు అది తప్పిందనుకుని అడ్డుపెట్టిన చేతులు ముందే దించుతున్నారు, దించిన చేతుల కింద కర్ర హాయిగా తగులుతోంది. పదకొండేళ్ల అనుభవం అక్కరకి రాలేదు. నూటికి ఎనభైమంది పైడమ్మనే ఎంచుకుంటున్నారు.

ఈసారి దెబ్బలో బలం సగానికి కోస్తుంది. బలం లేనిదాన్ని పట్టుకుని గెలిస్తే గొప్ప కదా, దాంతో తొంభైమంది అవుతారు. కిటికీలో ఎండ చకచకా పడమటికి నడుస్తోంది. పైడమ్మ ఆటకీ స్టూలుకీ మధ్య పరిగెడుతూ, వచ్చిన ప్రతిసారీ కాస్త చిక్కిపోయి వస్తోంది.

"నీ మీద వీళ్లకి ఏమిటమ్మా ఇంత మోజు?"

"పడితే నాను బేగీ లెగుత్తాను. అదొక్కటే."

పట్టిక చివర ఒక గడి ఉంది, పడ్డాక లేవడం. అందరికీ అందులో పాతికో ముప్పయ్యో ఉంటుంది. పైడమ్మకి నాలుగు. ఆ నాలుగు రాసింది సువర్చలే, ఏడేళ్ల కింద, అక్క పోయిన వారంలో. మైల మూడు రోజులూ గడవగానే నాలుగో రోజు పొద్దున్నే ఆఫీసుకి వచ్చి పైడమ్మని తయారు చేసింది. గట్టి మనిషివని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ఎవరికీ కొరుకుడుపడని పనంతా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. సువర్చలకి అలసటగా ఉంది. ఏడేళ్లుగా అలసటగానే ఉంది, చెప్పుకోవడానికి తీరిక దొరకలేదు.

"అయితే నన్నిలా సేసింది నువ్వేనా?"

"నేనే."

పైడమ్మకి కోపం రాలేదు. "నువ్వూ బేగీ లెగిసిపోనావా," అంటుంది.

సువర్చల నాలుగు కొట్టేసి నలభై రాస్తుంది. పైడమ్మ తల అడ్డంగా ఊపుతుంది. తొంభైతొమ్మిది రాస్తుంది. గడిలో అంతకంటే పట్టదు.

"అదెంతసేపు?"

"సెకనున్నర పైన."

"అందులో ఏటి అలుపు తీరతాది?"

సువర్చల అదీ కొట్టేసి, అంకె మానేసి, 'లేచినప్పుడు' అని రాస్తుంది. మాట పట్టడానికి గడి పొడుగవుతుంది. పక్క గడులని తోసుకుంటూ తెర అంచు దాటి, బల్ల మీదుగా కిటికీ దాకా సాగుతుంది.

"సరే, కానివ్వండి," అంటాడు జగ్గారావు లోపలికి వస్తూ. గడిని చూసి, "ఇలా పంపించెయ్యమంటారా ఏంటి?" అని ఆ తర్వాత అడుగుతాడు. ఒప్పుకోవడం ముందే అయిపోయింది కాబట్టి ఇక ఆపడానికి లేదు. అతనికీ అది తెలుసు.

గడియారం నాలుగు కొడుతుంది. ఊళ్లోని తెరలన్నిటిలో పైడమ్మ మొదటి దెబ్బకే పడి, పడినచోటే ఉంటుంది. పడ్డ మనిషిని కొట్టకూడదని ఆట నియమం. ఎదురుగా ఉన్నవాళ్లు పిడికిళ్లు బిగించి కాసేపు నిలబడి, తర్వాత బాసిపట్లు వేసుకుని కూర్చుంటారు.

ఇక్కడ పైడమ్మ స్టూలు దిగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని నేల మీద పడుకుంటుంది. సువర్చల కూడా పడుకుంటుంది. గచ్చు చల్లగా ఉంది. ఈ ఏడేళ్లలో ఇంత సుఖం ఆమె ఎరగదు.

జగ్గారావు రిఫరీలా వంగి లెక్క మొదలుపెడతాడు. పది దగ్గర ఆపాలి, కానీ ఇద్దరి మొహాలూ చూసి ఆపలేక పదకొండు అంటాడు. మూడు వందలు దాటేసరికి అతని గొంతు జోకొట్టేవాడి గొంతులా ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఏడేళ్ల కింద రావలసిన ఏడుపు ఇప్పుడు ఎక్కి వస్తోంది. గుమ్మంలో చెప్పులు విడిచి, తడికాళ్లతో లోపలికి వస్తుంది. అచ్చం అక్కంత పొడుగుంది. సువర్చల పైడమ్మ వైపు కాస్త జరిగి చోటిస్తుంది.

ఆ ఏడుపు పక్కన కూర్చుని, సువర్చల జడ విప్పడం మొదలుపెడుతుంది. విప్పిన జుట్టు గుమ్మం దాటి, మూడంతస్తుల మెట్లూ దిగి, ఆగిన బస్సుల మధ్య నుంచి బీచ్ రోడ్డు దాటి, సముద్రంలోకి దిగుతోంది. ఇంకా మూడు మెలికలే విప్పింది.