అక్క చూసిన అంకె

కాలేజీలో సోషల్ మీడియా కోర్సు పెడదామని మొదట అన్నది లెక్చరరమ్మే. నాలుగు నెలలు కూర్చుని పద్నాలుగు వారాల పాఠాలు రాసింది. వినడం, పరీక్ష రాయడం కాదు, పిల్లలే పని చేయాలి. వెనక వీధిలోని ఒక్కో దుకాణాన్ని ఒక్కో జట్టు తీసుకుని దాని పేజీని నిజంగా నడపాలి. ప్రిన్సిపాల్ అంతా చదివి, "చాలా బాగుందమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "మీ చెల్లెలు చిరుగులు కుట్టే వీడియోలు పెడుతుంది కదా? మా ఆవిడ ఒక్కటీ వదలదు. ఆమెను కూడా పిలవండి, ఇద్దరూ కలిసి చెప్పండి" అన్నాడు.

లెక్చరరమ్మ నవ్వింది గానీ ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. చెల్లెలు డిగ్రీ మధ్యలో మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషి. పాత చొక్కాలకు అతుకులు వేస్తూ, ఫోన్ ముందు గలగలా మాట్లాడుతూ ఎనభై వేల మందిని వెంట తిప్పుకుంటోంది. అక్క పేజీని చూసేవాళ్లు మూడు వందల పన్నెండు మంది. అందులో చెల్లెలు ఒకతె.

మొదటి క్లాసులో అక్క తెర మీద పట్టిక చూపిస్తుంటే పిల్లలు ఆవలించారు. చెల్లెలు లేచి, "పట్టిక తర్వాత చూద్దాం, పదండి" అని అందరినీ తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది.

"తాతా, నిన్ను పిలిచినవాళ్లలో బాగా కంగారు పడింది ఎవరు?" అని అడిగింది.

బాత్రూములో ఇరుక్కుపోయి, లోపలినుంచే రోగులకు మందులు చెప్పిన డాక్టరు కథ చెప్పాడాయన. పిల్లలు పడీపడీ నవ్వారు. ఒకమ్మాయి అదంతా వీడియో తీసింది. ఆ రోజు నుంచి పిల్లలు "చిన్న మేడమ్ వచ్చారా?" అంటూనే క్లాసులోకి అడుగుపెట్టేవారు. ఆ మాట వింటే చాలు, అక్కకు ఒళ్లు మండేది.

ఏ పోస్టయినా బయటికి వెళ్లేముందు చివరిసారి చూడాల్సింది అక్కే. ఒక సోమవారం పొద్దున తాళాలాయన వీడియో ఆమె దగ్గరికి వచ్చింది. చెల్లెలు అప్పటికే బాగుందని రాసింది. కింద వేసిన ఫోన్ నంబరులో చివరి అంకె తప్పు, ఆరు ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది. ఆయన బోర్డు రోజూ చూసే అక్క ఇట్టే పట్టేసింది. దిద్దడానికి అరనిమిషం పట్టదు. 'ఒక్కసారి నవ్వులపాలైతే దానికి తెలిసొస్తుంది' అనుకుని, అలాగే వదిలేసింది.

వీడియో ఊరంతా తిరిగింది. బుధవారం ఒక నర్సు, వీడియో మీద కాలేజీ పేరు చూసి, క్లాసు తలుపు తోసుకుని వచ్చింది. కళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేదాన్ని. రెండు రోజులుగా కన్ను మూస్తే ఒట్టు. తాళం తీస్తారా అని ఒకటే ఫోన్లు! ఆపేద్దామంటే ఆస్పత్రివాళ్లు ఎప్పుడు పిలుస్తారో తెలీదు. నిన్న నిద్రమత్తులో ఒకాయనకి సూది రెండుసార్లు గుచ్చాను. ఎవరు చేశారిది?"

వీడియో తీసిన అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. చెల్లెలు ముందుకొచ్చింది. "తప్పు నాదండీ. సరిచూసుకోకుండా బాగుందన్నాను."

అక్క కోరుకున్నది సరిగ్గా ఇదే. కానీ నర్సు ముఖం చూశాక కుర్చీలోంచి లేచింది.

"దానిది కాదు. ఆ తప్పు నేను చూశాను. చూసే వదిలేశాను" అంది.

"ఎందుకు?" అంది చెల్లెలు.

"నువ్వు మాట పడాలని."

చెల్లెలు సంచి తీసుకుని వెళ్లిపోయింది. అక్క నంబరు దిద్దించి, నర్సును ఇంటిదాకా దింపి వచ్చి, ప్రిన్సిపాల్‌కు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ఆఖరి పరిశీలన ఆమె చేతినుంచి తీసి పిల్లలకే అప్పగించాడు.

ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్లింది. అక్కను చూసినా మిషన్ ఆగలేదు.

"నా మీద అంత కుళ్లా అక్కా?"

"అంత. ఇప్పటికీ పోలేదు."

చెల్లెలు దారం కొరికి తెంపింది. "క్లాసుకు వస్తాను. పిల్లల కోసం. నీతో మాత్రం ఇప్పుడిప్పుడే మామూలుగా ఉండలేను."

"ఉండక్కర్లేదు."

తర్వాతి క్లాసు చెల్లెలే చెప్పింది. అక్క వెనక బల్ల మీద కూర్చుంది. నవ్వులు మొదలవగానే లోపల చురుక్కుమంది. అయినా పెన్ను తీసి, చెల్లెలు చెప్పేది పొల్లుపోకుండా రాసుకుంది. రాస్తూ రాస్తూ చేయెత్తింది.

"దుకాణదారు అసలు నోరే విప్పకపోతే ఏం చేయాలి?"

చెల్లెలు ఒక్క క్షణం ఆమెవైపు చూసింది. "ఫోన్ జేబులో పెట్టేసి, ఆయన పనిలో ఓ చేయి వేయాలి" అని, పిల్లలవైపు తిరిగి, ఎలాగో చెప్పడం మొదలుపెట్టింది.