రమణమ్మ చెప్పిన పరీక్ష

మా కంపెనీ కారం పొట్లంలో ఒక చిన్న చీటీ పెట్టేవాళ్లం. దాని పేరు ‘వంటింటి కబురు’. రాసేది నేను. కింద ‘భావనారాయణ’ అని నా పేరు అచ్చయ్యేది. ఊరగాయ బూజు పట్టకుండా ఏం చెయ్యాలి, కారం ఎలా దాచుకోవాలి, అందులో రంగు కలిస్తే నీళ్లలో ఎలా పట్టుకోవాలి, ఇలాంటివే ఉండేవి అందులో. సగం మా ఆవిడ రమణమ్మ చెప్పిన సంగతులే. ఆవిడ పోయాక మాట వినబడని ఇంట్లో, ఆ చీటీ రాసేటప్పుడు మాత్రం పక్కన కూర్చుని చెబుతున్నట్టుండేది. గోడల మీది ప్రకటనల కంటే చీటీవల్లే సరుకు పోతోందని ఓనరు కోటేషే అనేవాడు.

ఆ ఏడాది బళ్లు తెరిచిన కొత్తల్లో తాడేపల్లి నుంచి వెంకటరావమ్మ అనే ఆవిడ మా బ్రాడీపేట ఆఫీసుకొచ్చింది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుందట. సంచిలోంచి మా పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

“ఈ కబురు రాసేది మీరేనాండీ?”

“నేనేనమ్మా.”

“అయితే ఓ గ్లాసు నీళ్లిప్పించండి. తాగటానిక్కాదు.”

చిటికెడు కారం నీళ్ల మీద చల్లింది. మంచి కారమైతే కాసేపు తేలి మెల్లగా అడుక్కి దిగుతుంది. ఇది దిగుతూ దిగుతూ ఎర్రటి దారాలు వదిలింది. చూస్తుండగానే గ్లాసంతా పారాణి నీళ్లలా అయింది.

“మీరు రాసినట్టే చూశానండీ. పిల్లల కూరలో వెయ్యకముందే చూశా, నయం. పరీక్ష చెప్పిందీ మీరే, ఇది అమ్మిందీ మీరే. ఎవర్ని నమ్మమంటారు?”

పిల్లల నోట పడలేదన్న ఆ ఒక్క మాటకి ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. గ్లాసూ పొట్లమూ పట్టుకుని తిన్నగా కోటేష్ గదిలోకి వెళ్లాను.

“కళ్లాల మీద వానలు పడ్డాయి కదా బాబాయ్ గారూ,” అన్నాడు తల దించుకుని. “కాయ తెల్లబడి తాలైపోయింది. ఎర్రకాయ ధర మనకి అందలా. ఆ తాలుకాయే పట్టించి, కాస్త రంగు...”

పక్క కుర్చీలో సురేంద్ర ఉన్నాడు. పత్రికలవాళ్లతో మాట్లాడటానికి కోటేష్ హైదరాబాదు నుంచి పిలిపించుకున్న మనిషి. ఎందుకో నాకు అప్పుడర్థమైంది.

“మీ చీటీ నమ్మకం పెంచుతుంది సార్. నేను పరువు కాపాడతాను. రెండూ ఒకే మాట చెప్పాలి, అదే బ్యాలెన్స్. నీళ్ల పరీక్ష శాస్త్రీయం కాదని రాసివ్వండి. రేపు ప్రెస్ మీట్‌లో పంచుదాం. మీ పేరుంటే ఆడవాళ్లు వింటారు.”

“ఆ పరీక్ష మా ఆవిడది.”

“మేడమ్ గారికి కెమిస్ట్రీ వచ్చా సార్?” అని నవ్వాడు.

ఎర్రటి గ్లాసు అతని ముందు పెట్టాను. “రాదు. నలుగురికి అన్నం పెట్టడం వచ్చు. పోయిన మనిషి నోట అబద్ధం పలికించమంటున్నావు, సిగ్గు లేదూ? కోటేషూ, ఈ పొట్లం ఇంటికి పట్టుకెళ్లి మీ పాప పప్పులో వేయించు. అప్పుడు రాస్తాను.”

కోటేష్ పొట్లం వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

“సరుకు వెనక్కి తెప్పిస్తే మునిగిపోతాం బాబాయ్ గారూ.”

“తెప్పించకపోతే?”

కోటేష్ సురేంద్ర వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే, మా చీటీలు అచ్చేసే ప్రెస్సు బుడాన్ ఫోన్ చేశాడు. “నీళ్ల పరీక్ష తప్పని మీ పేరుతో సురేంద్ర గారి దగ్గర్నుంచి మేటరొచ్చింది. రమణమ్మ గారి చేతి టీ తాగినోణ్ణి, ఇది మీ ఇంటి మాటలా లేదండీ. మిషనెక్కించలా.”

నేను వెళ్లేసరికి స్టూలు తుడిచి వేసి, కాగితం పెట్టి ఉంచాడు. కూర్చుని నా కబురు నేను రాసుకున్నాను. బుడాన్ దాన్నే అచ్చేసిచ్చాడు.

హోటలు హాల్లో విలేఖరులందరి ముందూ మంచినీళ్ల గ్లాసు, కానుకగా మా కారం పొట్లం. అది సురేంద్ర ఏర్పాటే. నా చేతిలో చీటీల కట్ట చూసి అతని మొహం వెలిగింది.

“గుడ్ సార్! ఇలా ఇవ్వండి, మావాళ్లు పంచుతారు.”

“నా పేరున్న చీటీ నేనే పంచుతాను.”

అతను మైకు ముందు గుంటూరు ఘాటు గురించి మొదలుపెట్టాడు. నేను వరసలో నడుస్తూ ఒక్కొక్కరికీ ఇచ్చాను.

‘మా కారంలో రంగు కలిసింది. కొన్నవాళ్లు వాడకండి, కొట్లో తిరిగి ఇచ్చేయండి. అనుమానముంటే గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి చూడండి. — భావనారాయణ.’

ముందు వరసలో ఒకాయన చదివి, పొట్లం మూల పంటితో చింపాడు. పక్కనున్నాయన గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. పరపరమని ఇంకొన్ని పొట్లాలు చిరిగాయి. మైకులో మాట ఆగిపోయింది.

కోటేష్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. “ఎంత పని చేశారు బాబాయ్ గారూ!”

“చేసింది నువ్వు నాయనా. కొట్లలో పొట్లాలు ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి. వెనక్కి తేవటానికి లారీలు పంపిస్తావా, లేదా?”

బల్లల మీద గ్లాసులు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. కోటేష్ వాటి వంక చూసి, జేబులోంచి ఫోన్ తీశాడు.